మెడ వంగిన కొంగ

ఆ వీధిలో ఆమెను అందరూ సూదమ్మ అంటారు. ఎదురుగా అనరు. ఎదురుగా అనే ధైర్యం ఒక్క అత్తగారికే ఉంది, ఆవిడ కూడా కోపం వచ్చినప్పుడే అంటుంది. పచ్చబొట్లు వేయడం సూదమ్మ వృత్తి. మణికట్టు మీద పేర్లు, చీలమండ మీద సీతాకోకచిలుకలు లాంటి చిల్లర పనులు పొద్దున పూట ముగించేస్తుంది. ఆమె ప్రాణమంతా పెద్ద పనుల్లోనే ఉంది. మెడ కింది ఎముక దగ్గర్నుంచి నడుము దాకా, మనిషి వీపు మొత్తానికి ఒకే బొమ్మ. అలాంటిది ఒక్కటి పూర్తి కావాలంటే ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. కొంత మేర పొడవాలి, ఆ చోటు పక్కు కట్టి రాలి చర్మం చల్లబడే దాకా ఆగాలి, మళ్ళీ పిలవాలి. ఇది పెళ్ళి కన్నా కష్టమైన వ్యవహారమని ఆమె అభిప్రాయం. పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతే బతిమాలి తెచ్చుకోవచ్చు. సగం వీపుతో పోయినవాడు మాత్రం ఇద్దరి పరువూ చొక్కా కింద పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు.

అలా పోయినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు కసరత్తులు నేర్పే మాస్టరు. పులిని మొదలుపెట్టించి, ముందరి కాళ్ళు అయ్యాక నొప్పి ఓర్చుకోలేక మాయమయ్యాడు. ఈత కొలను దగ్గర ఎవరో, వెనక కాళ్ళు లేని ఆ పులి ఎవరి చేతి పని అని అడిగితే, ఏమాత్రం మొహమాటం లేకుండా సూదమ్మ దుకాణం పేరు చెప్పాడట. రెండో ఆమె బ్యాంకు ఉద్యోగిని. ఆగే ఓపిక లేక మిగతా సగం ఇంకో దుకాణంలో పూర్తి చేయించుకుంది. సూదమ్మ గీసిన నెమలికి అక్కడి మహానుభావుడు కోడి తోక తగిలించాడు.

అప్పటినుంచి సూదమ్మ అచ్చమైన అనుమానం పక్షి అయిపోయింది. అంతకు ముందు ఊరందరినీ నమ్మేసిందని కాదు గానీ, ఇప్పుడు మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే వీడు పారిపోయే రకమా కాదా అని ముందు చేతుల వంక చూస్తుంది. వేళ్ళు కదుపుతున్నాడా, తాళంచెవులు తిప్పుతున్నాడా, చేతులు జేబుల్లో దాచాడా అన్నది గమనిస్తుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత ఆమె నోటి చివరే ఉంటుంది. ముందు గదిలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళను పలకరించే అత్తగారు మాత్రం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆవిడ దొంగనైనా కూర్చోమని టీ ఇస్తుంది.

ఇలాంటి రోజుల్లో ఒక ఆదివారం బీరువా వచ్చాడు. బీరువా అంటే మనిషే. లిఫ్టులు లేని భవనాలకు బరువైన సామాన్లు ఎక్కించే కంపెనీలో పని చేస్తాడు, తోటివాళ్ళు పెట్టిన పేరు అది. మోసేవీ బీరువాలే, ఆకారమూ బీరువాయే. నలభై దాటిన వయసు, తక్కువ మాట, తలుపంత వెడల్పు వీపు. ఆ వీపు చూడగానే సూదమ్మకు నోరూరిన మాట నిజం. ఆ వెంటనే అనుమానమూ పుట్టింది.

ఏం బొమ్మ కావాలంటే కొంగ అన్నాడు. నిలబడ్డ కొంగ, మెడ వెన్నెముక వెంట పైకి పోవాలి, కింద నీళ్ళు, తుంగ. ఎందుకని అడిగితే, వీపు ఖాళీగా ఉందన్నాడు. ఆమె దగ్గరికి వచ్చే ప్రతివాడికీ ఒక కథ ఉంటుంది. పోయిన అమ్మమ్మో, మోసం చేసిన ప్రియురాలో, మానేసిన తాగుడో, ఏదో ఒకటి. కథ చెప్పనివాడు కథ దాస్తున్నాడని ఆమె లెక్క. కొంగ అనగానే అత్తగారు ముందు గదిలోంచి, "జపం చేసే కొంగా, చేపలు పట్టే కొంగా?" అని అడిగి తన హాస్యానికి తనే నవ్వుకుంది. సూదమ్మ నవ్వలేదు. జపం చేసే కొంగలే తన వీధిలోకి ఎక్కువగా వస్తున్నాయని ఆమె బాధ.

పెద్ద పని ఒప్పుకునే ముందు ఆమె ఒక పరీక్ష పెడుతుంది. సూది లేకుండా, మిషను లేకుండా, ఆ మనిషిని ఒక పగలంతా బల్ల మీద బోర్లా పడుకోబెడుతుంది. ఊరికే పడుకోలేనివాడు పొడిపించుకుంటూ ఏం పడుకుంటాడని ఆమె వాదన. సగం మంది మధ్యాహ్నానికే పనుందని లేచిపోతారు. బీరువా పడుకోవడమే కాదు, కిటికీ అద్దాలు అదిరేలా గురక పెట్టాడు. పరీక్ష నెగ్గాడు కాబట్టి ఆమె ఒప్పుకోక తప్పలేదు.

బొమ్మను ఊదారంగు గీతల కాగితంగా తయారు చేసి వీపుకు అంటించే రోజు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ రోజు మనిషి ఎలా నిలబడతాడో బొమ్మ జన్మంతా అలాగే నిలబడుతుంది. మామూలుగా నిలబడండి అంటే ఎవరూ మామూలుగా నిలబడరు, ఫోటోకు నిలబడ్డట్టు నిలబడతారు. అందుకే సూదమ్మ వాళ్ళను కాసేపు గదిలో అటూ ఇటూ తిప్పి, టీ ఇచ్చి, కబుర్లలో పెట్టి, ఒళ్ళు మరిచిపోయిన క్షణంలో కాగితం అంటిస్తుంది. ఇరవై ఏళ్ళ అలవాటు అది. బీరువా దగ్గర ఆ అలవాటు తప్పింది. అతను చొక్కా విప్పి, ఊపిరి బిగబట్టి, స్తంభంలా నిలబడ్డాడు. ఆమె అతని చేతుల వంకే చూస్తోంది. వేళ్ళు కదలడం లేదు. పారిపోయేవాడి వేళ్ళు ఇంత కుదురుగా ఉండవే, ఏమిటి ఇతని సంగతి అని ఆలోచిస్తూనే కాగితం అంటించేసింది.

పని బాగానే సాగింది. నెలకోసారి ఆదివారం వచ్చేవాడు, రోజంతా పడుకునేవాడు, కిక్కురుమనేవాడు కాదు. మాట్లాడితే పని గురించే. తనతో జోడీగా మోసిన పాత మిత్రుడికి మోకాలు పోతే మేస్త్రీ అతన్ని మెట్ల మీంచి తీసేసి గోదాము గేటు దగ్గర మూటలు చూసుకోమన్నాడనీ, కొండలాంటి ఆ మనిషి ఏడాది తిరక్కుండా చిక్కి సగమయ్యాడనీ ఒకసారి చెప్పాడు.

అన్నీ సరిగ్గా ఉంటే సూదమ్మకు నిద్ర పట్టదు. ఆమె పట్టుకున్నది ఒక వింత సంగతి. రోజంతా చొక్కా లేకుండా ఆమె ఎదుట పడుకునే మనిషి, పని అయ్యాక చొక్కా వేసుకునే ముందు మాత్రం ఆమెను గదిలోంచి బయటికి వెళ్ళమనేవాడు. సిగ్గా అంటే, విప్పేటప్పుడు లేని సిగ్గు తొడుక్కునేటప్పుడు ఎందుకు? తలుపు మూసుకుని చాలాసేపు లోపలే ఉండేవాడు. బొమ్మ ఫోటోలు తీసి ఇంకో దుకాణానికి చూపిస్తున్నాడని ఒకసారి, సిరా సీసాలు లెక్క చూస్తున్నాడని ఇంకోసారి ఆమె అనుకుంది. అతను వెళ్ళాక బల్ల కింద వెతికి చూసేది. ఏమీ దొరక్కపోతే అనుమానం ఇంకా పెరిగేది. "అనుమానం పెనుభూతమే అమ్మాయ్, నీకు పట్టింది వదలదు," అని అత్తగారు మందలిస్తే, మీ అబ్బాయిని పెళ్ళాడేటప్పుడు ఆ భూతం ఏ ఊరు పోయిందోనని ఈమె గొణుక్కునేది.

గీతలన్నీ పూర్తయి నీడలు మొదలుపెట్టాల్సిన ఆదివారం పొద్దున్నే వాన. సూదమ్మ దుకాణం తలుపు తీస్తుంటే, ఎదురు భవనం చూరు కింద బీరువా అటు తిరిగి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, బొమ్మ మొత్తం కనబడుతోంది. నిటారుగా ఉండాల్సిన కొంగ మెడ నడిమికి విరిగినట్టు ఎడమకు వాలిపోయి, ముక్కు చంక కిందికి చూస్తోంది. తను గీసిన కొంగ కాదది, ఎవరో మెడ పట్టి విరిచిన కొంగ.

అతను లోపలికి వచ్చి చొక్కా విప్పి నిలబడ్డాడు. మెడ నిటారుగా ఉంది. ఆమె భూతద్దం పెట్టి గీత గీతా వెతికింది. పరాయి చేతి గీత ఒక్కటి కూడా లేదు. కళ్ళు మోసం చేశాయా, మనిషి మోసం చేస్తున్నాడా అంటే, ఆమె ఎప్పుడూ రెండోదే నమ్ముతుంది. ఎవరి దగ్గరికి వెళ్ళారు, ఈ బొమ్మను ఏం చేస్తున్నారు అని నిలదీసింది. ఎప్పుడూ గొంతు లేపని మనిషి ఆ రోజు లేపాడు.

"వంకరగా వేసింది మీరు. మా ఆవిడ ఇంట్లో అద్దం పట్టి చూపించింది. చూసి కూడా నోరు మూసుకుని వస్తున్నాను."

"చూస్తే నన్నెందుకు అడగలేదు?"

అతని కుడి చెయ్యి లేచి ఎడమ భుజం మీద పడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వరస. మీరు నా దగ్గర ఏదో దాస్తున్నారు, దాచేవాళ్ళతో నేను పని చేయను అని ఆమె అనేసింది. అతను చొక్కా అందుకున్నాడు. ఈసారి ఆమె బయటికి పోలేదు, మొండిగా అక్కడే నిలబడింది. అతను కుడి చెయ్యి తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. రెండుసార్లు ప్రయత్నించి, ఆ చొక్కా అలాగే ఒంటిచేత్తో వేలాడుతుండగా వానలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి నెల ఆదివారం బల్ల ఖాళీగా ఉంది. మూడో సగం వీపు అని సూదమ్మ అనుకుంది. పులికి వెనక కాళ్ళు లేవు, నెమలికి కోడి తోక, ఇప్పుడు కొంగకు విరిగిన మెడ. ముందు కోపం వచ్చింది, సాయంత్రానికి ఏడుపొచ్చింది. మర్నాడు ఇంకొకరి మణికట్టు మీద పేరు రాస్తుంటే, వేలాడుతున్న ఆ ఖాళీ చొక్కా చెయ్యి కళ్ళ ముందు ఆడింది. పొడుస్తున్న సూది ఆపేసింది. ఇన్నాళ్ళూ ఆమె ఆ వీపును రెండు రకాలుగానే చూసింది. బల్ల మీద బోర్లా పడుకున్నప్పుడు, లేదా ఊపిరి బిగబట్టి స్తంభంలా నిలబడ్డప్పుడు. ఆ మనిషి మామూలుగా ఎలా నిలబడతాడో ఆమెకు తెలియదు.

కంపెనీకి ఫోన్ చేసి బండి ఏ భవనం దగ్గరుందో కనుక్కుని వెళ్ళింది. ఇరుకు మెట్లు, గోడలకు సున్నం రాలుతోంది. రెండో అంతస్తుకు చేరేసరికి పైన బూట్ల చప్పుడు వినబడింది. ఇద్దరు మనుషులు భుజాల మీదుగా పట్టాలు వేసుకుని మధ్యలో ఒక ఇనప బీరువాను ఎక్కిస్తున్నారు. పైవాడు వెనక్కి నడుస్తున్నాడు. కిందివాడి మీదే బరువంతా ఉంది, కిందివాడు అతనే. చెమటకు బనియను తడిసి కొంగ కనబడుతోంది. బరువు కింద ఆ భుజాలు రెండూ సమంగా బిగుసుకున్నాయి, కొంగ మెడ నిటారుగా ఉంది, ఆమె గీసినది గీసినట్టే ఉంది. మలుపు దగ్గర వాళ్ళు బీరువాను దించారు. అతను పట్టా తీసి ఊపిరి వదిలాడు. ఎడమ భుజం మెల్లగా జారి, జారి, చాలా కిందికి దిగిపోయింది. దాంతోపాటే కొంగ తల వాల్చేసింది.

సూదమ్మకు కాగితం అంటించిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తన గదిలో అతను నిలబడింది బరువు మోస్తున్నట్టు. తను కొంగను గీసింది ఆ బరువు మీద.

కింది నుంచి మేస్త్రీ వస్తూ ఆమెను చూశాడు. ఎవరు మీరు, మెట్ల మీద ఏం పని అన్నాడు. ఆ మాటకు పైన బీరువా తిరిగి చూశాడు. ఆమెను చూశాడు, మేస్త్రీని చూశాడు. పట్టా గబుక్కున భుజానికెత్తుకుని మళ్ళీ స్తంభమైపోయాడు. అతని కళ్ళలో ఉన్నది ఆమెకు బాగా తెలిసిన వస్తువే. ఇన్నేళ్ళుగా తను అందరి మీదా పెట్టే చూపు అది. ఈవిడ చెప్పేస్తుంది అని ఆ కళ్ళు నమ్ముతున్నాయి.

మా ఇంట్లో ఒక బీరువా మార్చాలి, ఎవరితో మాట్లాడాలో అడుగుదామని వచ్చాను అంది సూదమ్మ. మేస్త్రీ ముఖం వికసించింది. దానికేం భాగ్యం, మా బీరువా ఉన్నాడుగా, రాయి లాంటి మనిషి అని పైకి చెయ్యి చూపించాడు. చూస్తున్నాను, నిజంగా రాయే అని ఆమె ఒప్పుకుని మెట్లు దిగింది. అబద్ధాలు పట్టడంలో ఆరితేరిన మనిషికి చెప్పడంలో అంత అనుభవం లేదు.

ఆ ఆదివారమే అతను వచ్చాడు. అత్తగారు ఏమీ అడక్కుండా టీ ఇచ్చింది. లోపల బల్ల అంచున కూర్చుని, మూడేళ్ళ కిందట ఒక పియానో జారిన సంగతి మెల్లగా చెప్పాడు. భుజంలో నరమేదో తెగిందట, ఇక ఆ చెయ్యి పైకి లేవదన్నారట డాక్టర్లు. ఇంట్లో చలికి పట్టేసిందని చెప్పాడు, పనిలో ఏమీ చెప్పలేదు. బరువు మీద ఉన్నంతసేపూ తెలియదు. దించినప్పుడే ఎవరూ చూడకుండా జాగ్రత్త పడాలి.

"ఇంత దాచేవారు వీపు మీద బొమ్మ ఎందుకు వేయించుకున్నారు?" అని ఆమె అడిగింది. ఇది అనుమానంతో అడిగింది కాదు.

"నేను బరువుతో ఎక్కుతుంటే ఆ ఇంటివాళ్ళు నా వెనకే మెట్లెక్కుతారమ్మా. గోడ జాగ్రత్త, గోడ జాగ్రత్త అంటూ. నా ముఖం ఎవరికీ గుర్తుండదు. వీపైనా గుర్తుంటుందని." టీ గ్లాసు పక్కన పెట్టి, "చివరికి ఆ కొంగే నా మీద చాడీలు చెబుతోంది," అన్నాడు.

సూదమ్మకు క్షమించమని అడగడం అలవాటు లేదు. తన భాషలోనే అడిగింది. అందరినీ నడిపించి, టీ ఇచ్చి, మరపించి కాగితం అంటిస్తాననీ, అతని విషయంలో మాత్రం పారిపోయే మనిషేమోనని చేతులే చూస్తూ భుజం చూడలేదనీ చెప్పింది. తప్పులో సగం నాది, దాన్ని మోసుకుని తిరగాల్సింది మాత్రం మీరు అంది.

తర్వాత రెండు దారులు చెప్పింది. ఎడమ భుజం మీద నల్లటి తుంగ దట్టంగా దింపితే, భుజం ఎంత జారినా ఎవరికీ తెలియదు, కొద్ది నెలల్లో అయిపోతుంది. రెండోది, మెడను కొత్తగా తీర్చడం. ఒంగి నీళ్ళలోకి చూస్తున్న కొంగగా మార్చడం. అతను బరువెత్తినప్పుడు అది తలెత్తుతుంది, దించినప్పుడు మళ్ళీ నీళ్ళలోకి చూస్తుంది. కానీ మెడ గీత లావెక్కాలి, నీడలన్నీ దిక్కు మారాలి, కింద నీళ్ళు తిరిగి వేయాలి. ఇంకో ఏడాదిన్నర పైమాటే. పైగా చూసిన ప్రతివాడికీ ఆ భుజం సంగతి తెలిసిపోతుంది.

అతను మొదటిదే అడుగుతాడని ఆమె అనుకుంది. ఎవరైనా అదే అడుగుతారు, తనైనా అదే అడుగుతుంది. మళ్ళీ చేతుల వంక చూడబోయి, చూపు మరల్చుకుంది.

"రెండోది," అన్నాడతను. "మేస్త్రీకి నేనే చెబుతాను. కొంగ చెప్పేలోపు."

గేటు దగ్గర మూటలు చూసుకోమంటాడేమో కదా అని ఆమె అంది. అనవచ్చు అన్నాడు. లేచి చొక్కా విప్పి గది మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

ఈసారి కాగితం లేదు. ఆమె కలం పట్టుకుని నేరుగా చర్మం మీద గీయడానికి సిద్ధమైంది. భుజం వదిలేయండి అంది. వదిలేశానన్నాడు. లేదంది. అతను నిజంగానే వదిలేశాననుకుంటున్నాడు, ఆ ఒళ్ళే అతని మాట వినడం లేదు. మూడేళ్ళుగా ఎవరైనా గదిలో ఉంటే చాలు, అది తనంతట తానే బరువెత్తుకుంటోంది. ఆమె తొందరపెట్టలేదు. కుర్చీ లాక్కుని అతని వెనక కూర్చుంది. వీధిలో బళ్ళు పోతున్నాయి. ముందు గదిలో అత్తగారు ఎవరితోనో వాన గురించి మాట్లాడుతోంది. అతని మెడ నరాలు సడలాయి, తర్వాత భుజం కొంచెం దిగింది. ఇంకా ఉంది, నాకు తెలుసు అందామె. అతని ఊపిరి గట్టిగా వినబడింది. భుజం ఇంకాస్త దిగింది, ఆగింది, ఒక్కసారిగా మొత్తం దిగిపోయింది. మెట్ల మీద ఆమె చూసినదానికన్నా ఎక్కువే ఉంది. అంత ఉంటుందని ఆమె అనుకోలేదు.

అతను తిరగలేదు. గోడ వైపే చూస్తూ అడిగాడు.

"ఎలా ఉన్నానమ్మా?"

బాగానే ఉన్నారు అనే మాట నోటి దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"వంకరగా ఉన్నారు."

అతను తల ఊపాడు. భుజం ఉన్నచోటే ఉంది, పైకి లేవలేదు.

"సరే. వెయ్యండి."